లేహ్‌కు మేము సర్దిన పెట్టె

మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా లడఖ్‌లోని లేహ్ పట్టణంలో ఉంటున్నారు. 2023 అక్టోబరులో దేవుని కృపవలన నేనూ మా ఇంటావిడా అక్కడికి వెళ్ళి మూడు వారాలు ఉండి వచ్చాము. తిరిగి వచ్చినది మొదలు సంఘంలో చాలామంది “మాస్టారూ, ఏమేమి పట్టుకెళ్ళారు, చలికి ఎట్లా తట్టుకున్నారు?” అని అడుగుతూనే ఉన్నారు. మన ఊళ్ళ పిల్లలు ఎందరో సైన్యంలోనూ ఇతర ఉద్యోగాలలోనూ ఆ కొండల మీద ఉన్నారు గనుక తల్లిదండ్రులకు పనికివస్తుందని ఇది వ్రాస్తున్నాను. మేము చేసిన పొరపాటు కూడా దాచకుండా వ్రాస్తాను.

లేహ్ సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. అంటే పదకొండు వేల అయిదు వందల అడుగులు. మన తిరుమల కొండ మూడు వేల అడుగులకు కూడా కొంచెం తక్కువే. అంత ఎత్తున గాలి పలుచబడుతుంది. ఇక్కడ ఒక్క శ్వాసతో మనకు అందే ప్రాణవాయువులో సుమారు మూడింట రెండు వంతులే అక్కడ అందుతుంది. ఢిల్లీలో విమానం ఎక్కితే గంటన్నర లోపే అక్కడ దిగిపోతాము. కాలికి అలసట లేదు గాని శరీరానికి ఆ గాలి అలవాటు కావడానికి వ్యవధి చాలదు. అందుకే దిగిన తరువాత రెండు రోజులు మంచం దిగకుండా విశ్రాంతి తీసుకోవాలని అందరూ చెబుతారు. మా అల్లుడు ఫోనులో పదిసార్లు చెప్పాడు. మేము పదిసార్లూ సరేనన్నాము.

ఇక పెట్టె సంగతి. మా టిక్కెట్టు మీద మనిషికి 15 కిలోలు అని ఉన్నది. నేను కాగితం మీద పట్టిక వ్రాసి, ఇద్దరికీ స్వెట్టర్లు, ఉన్ని మేజోళ్ళు, మంకీ క్యాపులు, చేతి తొడుగులు, లోపల తొడుక్కునే థర్మల్ జతలు అన్నీ సర్దాను. చలికాలంలో మన పట్టణాలలో రోడ్డు ప్రక్కన టిబెట్టువారు అమ్మే స్వెట్టర్లు చక్కగా సరిపోతాయి. లావుపాటి కోటు ఒక్కటి కంటె పలుచని బట్టలు మూడు నాలుగు ఒకదానిపై ఒకటి వేసుకోవడమే మేలు. మధ్యలో నిలిచే గాలే వెచ్చదనం ఇస్తుంది. పగలు ఎండ చురుక్కుమంటే ఒకటి తీసివేయవచ్చు. ఒంటికి తగిలే బట్ట నూలుదైతే చెమటకు తడిసి ఆరదు, ఆ తడే చలి పుట్టిస్తుంది. చీర మానని స్త్రీలు చీర క్రింద ఉన్ని పైజామా, మోచేతుల దాకా వచ్చే స్వెట్టరు కాక మణికట్టు దాకా వచ్చేది తీసుకువెళ్ళాలి. బూట్లు మేజోళ్ళతో సహా పట్టేటట్లు ఒక సైజు పెద్దవి కొనాలి.

నేను సర్దిన పెట్టెను మా ఇంటావిడ రాత్రి మళ్ళీ విప్పింది. ఆవకాయ, గోంగూర, కందిపొడి, అరిసెలు, మినప సున్నుండలు, రెండు కిలోల కందిపప్పు. “పిల్ల అక్కడ ఏం తింటున్నదో ఏమో” అని. తూకం ఎక్కువైతే ఏమి తీసిందో తెలుసా? తన స్వెట్టరు ఒకటి, తన శాలువ, తన థర్మల్ జత. నావి మాత్రం ముట్టలేదు. ఈ సంగతి నాకు లేహ్‌లో దిగి పెట్టె తెరిచినప్పుడు గాని తెలియలేదు.

పచ్చళ్ళు తీసుకువెళ్ళేవారికి ఒక మాట. గాలి పీడనం తగ్గడంవలన మూసిన పొట్లాలు పూరీల్లా పొంగుతాయి, సీసాల మూతలలోనుండి నూనె కారుతుంది. మా గోంగూర నూనె నా బైబిలు సంచి దాకా వచ్చింది. సీసా నిండా పెట్టక కొంచెం వెలితి ఉంచి, రెండు ప్లాస్టిక్ సంచులలో కట్టాలి. కొబ్బరినూనె అక్కడ రాయిలా గడ్డ కడుతుంది, సీసాలో కాక వెడల్పు మూతి డబ్బాలో పోసుకోవాలి. కందిపప్పు వట్టి గిన్నెలో త్వరగా ఉడకదు. ఆ ఎత్తున నీళ్ళు నూరు డిగ్రీలకు కాక సుమారు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. కుక్కరు ఉంటేనే మన అన్నం, మన పప్పు. పెదవులకు, మడమలకు వ్యాజలైను, కళ్ళకు నల్లద్దాలు తప్పనిసరి. ఎండ మన ఎండలా మండదు గాని చర్మాన్ని కాల్చివేస్తుంది. రోజూ వేసుకునే బి.పి. మాత్రలు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉండాలి. అక్కడి ఎత్తుకు ముందుగా వేసుకునే మాత్ర ఒకటి ఉన్నది గాని అది అందరికీ పడదు. డాక్టరును అడగకుండా ఎవరో చెప్పారని మ్రింగరాదు.

మేము దిగినది శనివారం ఉదయం. సాయంత్రానికే ఆమెకు తలనొప్పి మొదలైనదట. మాతో అనలేదు. రాత్రి నిద్ర పట్టలేదు. అదీ చెప్పలేదు. కారణం, మరునాడు ఆదివారం. పెండ్లయిన నాటినుండి ఆమె ఆదివారం ఆరాధన మానినది కాన్పులప్పుడు మాత్రమే. తెల్లవారి ఆరు గంటలకు లేచి, చల్లనీళ్ళతో ముఖం కడుక్కొని, చీర కట్టుకుంటూ వాంతి చేసుకున్నది. “ఏమీ లేదండీ, విమానంలో తిన్నది పడలేదు” అన్నది. అయిదు నిమిషాలకు కూర్చున్నచోటనే ఆయాసపడడం మొదలుపెట్టింది. పెదవులు నల్లబడ్డాయి. అమ్మాయి ఏడుస్తూ వాళ్ళాయనను లేపింది.

ఆసుపత్రిలో వేలికి తగిలించిన చిన్న యంత్రం 68 చూపింది. ప్రాణవాయువు పెట్టారు. డాక్టరమ్మ హిందీలో నన్నే కోప్పడ్డది. తలనొప్పి, వాంతి, నిద్రలేమి ఇవే మొదటి గుర్తులు, అప్పుడే చెప్పాలి, కదలకూడదు. కూర్చున్నా ఆయాసం, దగ్గు, తూలి నడవడం, మాట తడబడడం వరకు వస్తే ప్రాణానికే ముప్పు. అప్పుడు ప్రాణవాయువు పెట్టి క్రింది ప్రదేశానికి దింపివేయడమే అసలు వైద్యమన్నది. ఆ మంచం ప్రక్కన కూర్చొని నేను చేసిన ప్రార్థనలో సగం క్షమాపణే. ముప్ఫై ఆరు సంవత్సరాల కాపురంలో ఆమె “ఏమీ లేదండీ” అన్న ప్రతిసారీ నేను నమ్మాను. నమ్మడం నాకు సౌకర్యంగా ఉండేది.

మరునాటికి తేరుకున్నది. కళ్ళు తెరిచి మొదట అడిగినది, ఆవకాయ కారిపోయిందా అని.

ఆ మంచం ప్రక్కనే చదువుకుంటుంటే పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయం కంటబడ్డది. చెరసాలలో ఉన్న ముసలి అపొస్తలుడు, త్రోయలో కర్పు ఇంట విడిచి వచ్చిన అంగీ తెచ్చిపెట్టమని అడుగుతాడు, చలికాలం రాకముందే రమ్మంటాడు. అంతటివాడు తనకు చలివేస్తుందని చెప్పుకోవడానికి సిగ్గుపడలేదు. ఎన్నిసార్లు ఆ వచనాలు ప్రసంగం కోసం తిరగవేశానో గాని, అందులోని అంగీ నాకు అంతవరకు కనబడలేదు. ఆమెకు చదివి వినిపించాను. కొంచెంసేపు ఊరుకొని, “నా శాలువ పెట్టెలోనుండి నేనే తీశాను” అని అప్పుడు చెప్పింది.

మూడవ ఆదివారం గాని ఆరాధనకు వెళ్ళలేకపోయాము. లేహ్‌లో మొరేవియన్ మిషనువారి సంఘం 1885 నుండి ఉన్నది. జర్మనీనుండి వచ్చిన ఆ మిషనరీలు బడి పెట్టారు, ఆసుపత్రి పెట్టారు. మొదటి వైద్యులలో ఒకరి పేరు కార్ల్ మార్క్స్. పుస్తకాలు వ్రాసినాయన వేరు, ఈయన వేరు. ఈయన రోగులను చూస్తూనే 1891లో జ్వరం సోకి లేహ్‌లోనే మరణించాడు. లడఖ్ విశ్వాసియైన యోసేబ్ గెర్గన్ ఎన్నో ఏండ్లు శ్రమించి సిద్ధపరచిన టిబెట్టు భాషా బైబిలు 1948లో లాహోరులో అచ్చయినది. అక్కడి స్త్రీలకు ఊలు మేజోళ్ళు అల్లడం నేర్పినది కూడ ఈ మిషనువారే.

ఆరాధనలో భాష మాకు తెలియదు. కళ్ళు మూసుకొని మన పాట మనసులో పాడుకున్నాము. బయటికి వచ్చాక ఒక ముసలమ్మ మా ఇంటావిడ కాళ్ళవైపు చూసింది. ఆమె వేసుకున్నవి నా మేజోళ్ళు, మడమ దగ్గర వదులుగా వ్రేలాడుతున్నాయి. ఆ ముసలమ్మ ఏమీ అనకుండా వెళ్ళిపోయి, మంగళవారం మా అమ్మాయి ఇంటికి ఒక జత బూడిదరంగు ఉన్ని మేజోళ్ళు పంపింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. అప్పుడు మా ఇంటావిడ ఒక సీసా నిండా కందిపొడి కట్టి పంపించింది. ఆ కారం ఆమె ఎట్లా తిన్నదో!

మా రెండు జతల థర్మల్ బట్టలు, మూడు స్వెట్టర్లు, మంకీ క్యాపులు, తొడుగులు, వేడినీళ్ళ రబ్బరు సంచి ఉతికి, వేపాకు వేసి బీరువా పైన పెట్టెలో ఉంచాము. సంఘంలో ఎవరైనా బిడ్డల దగ్గరకు చలి ప్రాంతానికి వెళ్ళేటట్లయితే వచ్చి తీసుకువెళ్ళవచ్చును. ఇప్పటికి రెండు కుటుంబాలు తీసుకువెళ్ళి తిరిగి ఇచ్చాయి. పెట్టె మూత లోపల నేను వ్రాసిన పట్టిక అంటించి ఉన్నది. మా ఇంటావిడ శాలువ అందులో మొదటి వరుసలో ఉన్నది. బూడిదరంగు మేజోళ్ళు మాత్రం ఇవ్వము. అవి ఆమె క్రిస్మస్ వేకువ కీర్తనలకు వేసుకుంటుంది.