తలుపు బయట విన్న పాట



ఈ వారం మీ ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

పదేళ్ల క్రితం మాట. క్రిస్మస్ ముందు రాత్రి మందిరం పక్క గదిలో యవ్వనస్థులు నక్షత్రానికి రంగు కాగితాలు అంటిస్తున్నారు. నేను తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల గిటార్ల హోరు, గబగబా ఇంగ్లీషు మాటలు. కీబోర్డు వాయించే అబ్బాయి ఫోన్‌లో పెట్టాడు. అదేం పాటని అడగలేదు. "మందిరంలో ఈ గోలేమిట్రా?" అని అందరి ముందూ గద్దించాను. వాడు ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ క్రిస్మస్‌కి కీబోర్డు వాయించలేదు. ఆ తర్వాతా వాయించలేదు.

ఇప్పుడు వాడు కెనడాలో, టొరంటో దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న వాళ్ల నాన్నగారి జ్ఞాపకార్థ కూటమి గురించి ఫోన్ చేసి, మాటల మధ్య అన్నాడు: "అయ్యగారూ, ఆ రోజు మీరు ఆపించిన పాట ఉంది చూడండి, అది పాడినవాళ్లది ఇక్కడికి దగ్గర ఊరే. ఎజాక్స్." ఆ పాట పంపమని నేనే అడిగాను.

పాట పేరు 'ఫ్యాట్ లిప్'. అంటే దెబ్బకు వాచిన పెదవి. సమ్ 41 అనే బృందం 2001లో విడుదల చేసింది. పాప్ పంక్ గిటార్లకు ర్యాప్ కలిపారు. మన బుర్రకథలో కథకుడూ వంతలూ మాట అందుకున్నట్టు ముగ్గురు కుర్రాళ్లు ఒకరి మాట ఒకరు అందుకుంటారు. నాలుగోసారి వినేసరికి నా వేళ్లు మంచం కోడు మీద తాళం వేస్తున్నాయి. మా పాస్టరమ్మగారు చూసి నవ్వారు.

మోటు మాటలున్నాయి, తాగుడు గొప్పలూ ఉన్నాయి. మందిరంలో పెట్టమని ఇప్పటికీ చెప్పను. కానీ ఆ అల్లరి కింద ఒక మొర ఉంది. మీ మూసలో మమ్మల్ని పోయకండి అని. ఆ రాత్రి అది నా చెవిన పడలేదు.

పాటగాడు డెరిక్ విబ్లీ 2014లో తాగుడు వల్ల కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యాడు. అది తెలిసి, "ఆదివారం ప్రసంగానికి మంచి ఉదాహరణ దొరికిందిరా" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "ఆయన పడింది చెప్తారు సరే అయ్యగారూ, లేచింది కూడా చెప్పండి."

నిజమే. ఆయన తాగుడు మానాడు. మళ్లీ నడవడం నేర్చుకున్నాడు. 2016లో కొత్త ఆల్బం చేశాడు. 2025 జనవరి 30న టొరంటోలో బృందం చివరి కచేరీ చేస్తే, మన అబ్బాయి వెళ్లి చూశాడట.

తప్పిపోయిన కుమారుని కథలో పెద్దకొడుకు పొలం నుంచి వస్తూ ఇంట్లో సంగీతం విన్నాడు. లోపలికి వెళ్లలేదు గాని, అదేమిటని పనివాణ్ణి అడిగాడు. ఎన్నోసార్లు ఆ పెద్దకొడుకును తప్పుపడుతూ ప్రసంగించాను. నేనైతే ఆ మాత్రం కూడా అడగలేదు.

ఫోన్‌లోనే వాడికి క్షమాపణ చెప్పాను. వచ్చే క్రిస్మస్‌కి ఊరు వస్తానన్నాడు. కీబోర్డు మీద దుమ్ము దులిపి ఉంచాను.

మీ ఇంట్లోనూ మూసిన తలుపు వెనక ఏదో పాట మోగుతూ ఉంటుంది. గద్దించే ముందు తలుపు తట్టండి. "అదేం పాట నాన్నా?" అని అడిగి, పక్కన కూర్చుని ఒక్కసారి పూర్తిగా వినండి.

మీ కోసం ప్రార్థిస్తూ,
మీ పాస్టరు