ముందు నీళ్లు, తర్వాతే చేపలు

హైదరాబాద్‌లో అక్వేరియం కొనడం అరగంట పని. గాజు తొట్టె, రంగు గులకరాళ్లు, నోరు తెరిచి బుడగలు వదిలే ప్లాస్టిక్ మొసలి, ఓ ఫిల్టరు, చివర్లో పాలిథిన్ సంచీలో అరడజను చేపలు. అన్నీ ఒకే బిల్లులో వచ్చేస్తాయి. ఇంటికెళ్లి కుళాయి తిప్పడమే తరువాయి. వారం తిరిగేసరికి చేపలు ఒక్కొక్కటిగా వెల్లకిలా తేలుతాయి. 'మాకు చేపలు అచ్చిరావు' అని ఇంటిల్లిపాదీ తీర్మానించేస్తారు. ఆ తొట్టె బాల్కనీకి చేరి మనీప్లాంట్‌కు కుండీ అవుతుంది. మా అపార్ట్‌మెంట్‌లోనే అలాంటివి మూడున్నాయి.

మా ఇంట్లో నాలుగోది కాకుండా ఆపింది నాన్న. అమ్మ పోయాక ఆయన కైకలూరు దగ్గరి మా ఊరు వదిలి మా దగ్గరికొచ్చారు. ముప్పై ఏళ్లు చేపల చెరువులు చేసిన మనిషికి నాలుగో అంతస్తులో ఏం తోస్తుంది? పొద్దస్తమానం బాల్కనీలో కూర్చుని రోడ్డు చూసేవారు. తెచ్చుకున్న బ్యాగు పూర్తిగా సర్దనే లేదు. మూడు వారాల తర్వాతకు తిరుగు టికెట్ కూడా తీయించుకున్నారు. మా అమ్మాయి పుట్టినరోజు వంకతో రెండడుగుల తొట్టె తెచ్చింది నిజానికి ఆయన కోసమే.

ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఆ సాయంత్రమే చేపలు కావాలి. నాన్న ఒప్పుకోలేదు. "నీళ్లు తయారవకుండా పిల్లని ఎలా వదుల్తామమ్మా?" అన్నారు. 'పిల్ల' అంటే చేప పిల్ల అని దానికి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

కొల్లేరు చుట్టుపక్కల ఏ రైతూ కొత్త నీళ్లలోకి నేరుగా పిల్లను వదలడు. ముందు చెరువు ఎండగడతాడు. అడుగు నెర్రెలు విచ్చాక సున్నం చల్లి, నీరు పెట్టి, పేడో కోళ్ల పెంటో వేసి ఎదురు చూస్తాడు. కొన్నాళ్లకు కంటికి కనిపించని ప్లవకాలు పెరిగి నీరు లేత ఆకుపచ్చకు తిరుగుతుంది. చెయ్యి మోచేతి దాకా ముంచితే అరచెయ్యి మసకబారాలి. బొచ్చె, శీలావతి పిల్లలు దిగేది ఆ తర్వాతే.

గాజు తొట్టెలో పద్ధతి వేరు, సూత్రం ఒకటే. ఇక్కడ నీరు పచ్చబడనక్కర్లేదు, పండితే చాలు. చేప ప్రధానంగా మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా వచ్చేది అదే. విశాలమైన చెరువులో అది పలచబడుతుంది. యాభై లీటర్ల తొట్టెలో పేరుకుపోయి మొప్పలను కాల్చేస్తుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి లేకుండా చేస్తుంది. మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారిస్తే గండం గడిచినట్టే. మోతాదు మించనంత వరకు నైట్రేట్‌ను చేపలు తట్టుకుంటాయి, వారం వారం కొంత నీరు మారిస్తే చాలు. కొత్త తొట్టెలో ఈ బ్యాక్టీరియా దాదాపు ఉండదు. స్పాంజికీ రాళ్లకూ పట్టి స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దుకాణాల్లో సాధారణంగా చెప్పని సంగతి ఇదే.

ఈ సూక్ష్మజీవుల పని శాస్త్రవేత్తలకే తొందరగా అంతుబట్టలేదు. అవి రెండు అంచెల్లో పనిచేస్తాయని రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో తేల్చారు. ఆ రెండంచెలనూ ఒకే బ్యాక్టీరియా పూర్తిచేయగలదని బయటపడింది 2015లో. అప్పుడు వెల్లడైన అలాంటి బ్యాక్టీరియాల్లో కొన్ని నెదర్లాండ్స్‌లో చేపల పెంపకానికి వాడే నీటి ఫిల్టరులో దొరికినవే.

మున్సిపల్ నీటిలోని క్లోరిన్ చేపలకే కాదు, బ్యాక్టీరియాకూ శత్రువే. అందుకని నీళ్లు బకెట్లలో పట్టి ఒకరోజు ఉంచాక పోశాం. ఫిల్టరు రాత్రింబవళ్లు నడిచింది. హీటరు 26 డిగ్రీల దగ్గర పెట్టాం. రోజూ చిటికెడు మేత వేసేవాళ్లం, తినే నోరు లేకపోయినా. అది కుళ్లితేనే బ్యాక్టీరియాకు తిండి. సహోద్యోగి ఒకరింట్లో రెండేళ్లుగా బాగున్న అక్వేరియం నుంచి ఫిల్టరు స్పాంజి పిండిన మడ్డి నీళ్లు సీసాలో తెచ్చి పోశాం. "పాలకు తోడేసినట్టేగా" అన్నారు నాన్న.

మూడో రోజున నీరు పాలలా తెల్లబడింది. మా అమ్మాయి ఏడుపు ముఖం పెట్టింది. నాన్న మాత్రం పారబోయనివ్వలేదు. నాలుగు రోజుల్లో దానంతటదే తేటపడింది. పరీక్ష చుక్కలతో వచ్చే రంగులను తాతా మనవరాలూ క్యాలెండర్ మీద రాసేవారు. మొదట అమ్మోనియా పెరిగింది. అది తగ్గుతుంటే నైట్రైట్ ఎగబాకింది. ఖాళీ తొట్టెకు మేత వేస్తున్న మమ్మల్ని చూసి చుట్టాలు నవ్వారు.

సరిగ్గా అప్పుడే నాన్న టికెట్ తేదీ వచ్చింది. "నైట్రైట్ దిగకుండా ఎలా వెళ్తానురా?" అంటూ రద్దు చేయించమన్నారు.

ఇరవై తొమ్మిదో రోజు ఉదయం రెండూ సున్నా. రాత్రి వేసిన మేత తాలూకు విషం తెల్లారేసరికి ఖర్చయిపోయిందన్నమాట. సగం నీరు మార్చి ఆరు జీబ్రా చేపలు తెచ్చాం. సంచీని పావుగంట తొట్టెలో తేల్చి, నీళ్లు కొద్దికొద్దిగా కలిపి, అప్పుడు వదిలాం. ఆరుతోనే ఆగాం. ఎందుకంటే బ్యాక్టీరియా తనకందే తిండిని బట్టే పెరుగుతుంది, ఒకేసారి పాతిక చేపలు దించితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఆ ఆరూ బాగున్నాయి. నాన్న సంక్రాంతికి ఊరెళ్లి పదిరోజుల్లో తిరిగొచ్చారు. అక్కణ్నుంచి రోజూ ఫోన్ చేసి అడిగింది ఒక్కటే, కరెంటు పోలేదు కదా అని. ఫిల్టరు ఆగితే బ్యాక్టీరియాకు ఊపిరాడదు మరి. బ్యాగు ఇప్పుడు అటక మీదుంది. పక్క ఫ్లాట్ వాళ్లు మనీప్లాంట్ తీసేసి తొట్టె కడుగుతున్నారు. చేపలు ఏ రకం తెచ్చుకోవాలని మొన్న ఆయన్ను అడిగారు. "అదింకా నెల తర్వాత సంగతి" అన్నారు నాన్న.