అమ్మలు తుపాకి

పట్టుపరికిణీ అడగవలసిన వయస్సులో మా అమ్మాయి తుపాకి అడిగింది.

చదువరులు కంగారుపడనక్కరలేదు. దానికి ఎవరిమీదా కక్ష లేదు. పద్నాలుగేళ్ళ పిల్ల. బడిలో ఎన్.సి.సి.లో చేరింది. క్యాంపులో పాయింట్ టూ టూ రైఫిలు చేతికిచ్చి అయిదు గుళ్ళు కాల్పించారట. అయిదూ అరచెయ్యంత చోటులో పడ్డాయట. ఆనాటినుంచీ "నాన్నా, ఎయిర్ రైఫిల్ కొనిపెట్టవూ?" అని ఒకటే నస.

నేనా, కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. నాకు తెలిసిన ఆయుధాలన్నీ పద్యాల్లోవే. మా ఆవిడ ఉద్యోగం ధర్మమా అని ఉక్కునగరంలో కాపురముంటున్నానే గాని, ఇనుముతో నా పరిచయం ఇంటి తాళంచెవితో సరి.

మా అమ్మ అసలే ఒప్పుకోలేదు. "ఈ ఫ్యాక్టరీకోసం గుళ్ళు తగిలి పోయినవాళ్ళు చాలరా? మళ్ళీ ఇంట్లోకి తుపాకి ఎందుకురా?" అంది. 1966లో ఉక్కు ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయినప్పుడు ఆవిడ చిన్నపిల్ల. అయినా మరచిపోలేదు. "పైగా జీవహింస" అని కూడా చేర్చింది.

"ఇది కాగితం మీద కాల్చేదే అమ్మా! భారతంలో ద్రోణుడు శిష్యులకు గురి పరీక్ష పెట్టినప్పుడు చెట్టుమీద ఉంచింది కూడా పక్షి బొమ్మే" అని నేను పాండిత్యం ఒలకబోశాను. ఆవిడ వినిపించుకోలేదు.

మర్నాడు ఒక దుకాణానికి వెళ్ళాను. అక్కడి ఆసామీ ఉన్నవాటిలోకెల్లా పొడుగైన తుపాకి తీసి బల్లమీద పెట్టాడు. "ఇది పుచ్చుకోండి మాస్టారూ. అమ్మాయి పెద్దయ్యాక కూడా పనికొస్తుంది" అన్నాడు. పిల్లలకు చెప్పులైనా చొక్కాలైనా ఒక సైజు పెంచి కొనడం మనబోటివాళ్ళ అలవాటే కదా! నాకూ సబబుగానే తోచింది. అయినా, ఎందుకైనా మంచిదని మా మేనమామను సలహా అడిగాను.

మా మావయ్యది నర్సీపట్నం దగ్గర పల్లె. ఎనభయ్యో పడికి దగ్గరగా ఉన్నాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రాకముందు మన్యం అంచున వేటాడినవాడని మా బంధువుల్లో పేరు. పండుగలకు అందరం చేరి వేటకథ చెప్పమంటే మాత్రం నవ్వి ఊరుకునేవాడు. పెద్ద తుపాకే కొనమంటాడని నేననుకున్నాను. ఆయన బస్సెక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూనే, "దానికి భుజానికి అమరుతుందో లేదో చూశావురా?" అని అడిగాడు. లేదన్నాను.

ఆ రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూర్చుని చెప్పాడు.

"నాకూ పద్నాలుగో ఏటే తుపాకి ఇచ్చారురా, మా నాన్నది. నాకంటే అదే పొడుగు. పేల్చినప్పుడల్లా భుజం కమిలిపోయేది. ఆ దెబ్బ భయానికి, పేల్చేముందే కళ్ళు మూసుకోవడం అలవాటైపోయింది. సిగ్గుపడి ఎవరితోనూ చెప్పలేదు. ఒకనాడు మునిచీకటివేళ పొదలో అలికిడయింది. పంది అనుకున్నాను. కళ్ళు మూసుకుని పేల్చేశాను. పశువుల్ని తోలుకొస్తున్న కుర్రాడురా వాడు. నా యీడువాడు. ప్రాణం దక్కింది గాని, బతికినన్నాళ్ళూ కుంటుతూనే నడిచాడు. మా నాన్న ఎకరం పొలం రాసిచ్చాడు. పొలం రాసిస్తే కాలొస్తుందా? నేను మళ్ళీ తుపాకి ముట్టుకోలేదు. వేటగాడినని మీరంతా అనుకున్నారు. కాదనడానికి నాకు నోరు రాలేదు."

సరయూ తీరాన చీకట్లో కుండలో నీళ్ళు నిండే చప్పుడు విని, ఏనుగనుకుని, దశరథుడు బాణం వేసిన ఘట్టం ఇరవై యేళ్ళుగా పాఠం చెబుతున్నాను. శబ్దవేధి అంటే ఏమిటో పిల్లలకు వివరిస్తున్నాను. ఆ కథ మా ఇంట్లోనే ఉందని ఆ రాత్రిదాకా నాకు తెలియదు.

ఆ తరవాత దుకాణానికి వెళ్ళలేదు. అమ్మాయిని ముందొక షూటింగు రేంజిలో చేర్చాం. అక్కడి తుపాకులే అద్దెకు తీసుకుని రెండు నెలలు నేర్చుకుంది. నేను కూడా పక్కన కూర్చుని కొంత నేర్చుకున్నాను. బట్టు భుజానికి ఆనించినప్పుడు మెడ సాగకుండా చెంప దానిమీద వాలాలి. వేలు ప్రయాసపడకుండా ట్రిగ్గరుకు అందాలి. ఒక నిమిషం ఎత్తి పట్టుకుంటే గొట్టం కొన కిందికి వాలిపోకూడదు. పోటీల్లో వాడే ఎయిర్ రైఫిలు అయిదున్నర కిలోలు మించకూడదని నియమం. అంత బరువు పిల్లలకు అక్కరలేదు. స్ప్రింగుతో పనిచేసేవి పేలినప్పుడు జెర్క్ ఇస్తాయి. సిలిండరులో గాలి నింపుకునేవి దాదాపు కదలవు, కాని ఖరీదెక్కువ. దూరం పది మీటర్లే. అట్ట నడుమనున్న పదో నంబరు చుక్క అడ్డకొలత అర మిల్లీమీటరు! హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచింది ఈ చుక్కను కొట్టే పోటీలోనే.

చివరికి 4.5 మిల్లీమీటర్ల గుండు వేసే తేలికపాటి రైఫిలు కొన్నాం. బట్టును పొడిగించుకునే వీలున్నది. పిల్ల ఎదిగినకొద్దీ అదీ ఎదుగుతుంది. ఇరవై జౌళ్ళకు లోపు శక్తిగలది కాబట్టి లైసెన్సు అక్కరలేదు. లైసెన్సు అక్కరలేదు గదా అని ఆటబొమ్మ కాదు. కన్ను పోగొట్టడానికి ఆ సీసపు గుండు చాలు. అందుకని అది మా బీరువాలో ఉంటుంది, గుళ్ళు వేరే చోట. తాళంచెవి నా మొలతాడుకి.

కొత్త తుపాకితో మొదటిరోజు మావయ్య కూడా రేంజికి వచ్చాడు. అమ్మలు ఎత్తింది. గురి చూసింది. చాలాసేపు అలాగే ఉంది. నా గుండె దడదడలాడుతోంది. అంతలో అది ఊపిరి వదిలి, పేల్చకుండానే తుపాకి దించేసింది.

"ఏటమ్మలూ, ఏమయింది?" అన్నాడు మావయ్య.

"చెయ్యి వణికింది తాతయ్యా. గురి కుదరలేదు. మళ్ళీ ఎత్తుతాను."

మావయ్య కాసేపు మాట్లాడలేదు. తరవాత నా చెయ్యి పట్టుకుని, "నాకు ఎత్తడం నేర్పారురా, దించడం ఎవరూ నేర్పలేదు" అన్నాడు.

ఆపైన అమ్మలు పది గుళ్ళు కాల్చింది. ఒక్కటీ నడుమ చుక్కకు తగల్లేదు. అయినా వెళ్ళేటప్పుడు మావయ్య ఆ చిల్లుల అట్ట అడిగి పుచ్చుకుని, మడత పడకుండా జేబులో పెట్టుకున్నాడు.