ఒక్కవైపే తిరిగే సాలన్ గిన్నె

నేను చదివింది ఉర్దూ మీడియం స్కూల్లో, డిగ్రీ చేసింది తెలుగులో. అందుకే నా ఒక్క ఫైల్లోనే కుడి నుంచి ఎడమకు పోయే ఉర్దూ, ఎడమ నుంచి కుడికి పోయే తెలుగూ రెండూ ఒదగాలి. ఈ జరూరత్ ఉన్నవాళ్లం కొద్దిమందిమే. మనకోసం సాఫ్ట్‌వేర్‌లో మరమ్మతు చేసేవాళ్లు ఇంకా తక్కువ. ఒకచోట చేసిన మరమ్మతు ఇంకోచోటికి పోలేదంటే నాకు తక్లీఫ్ అవుతుంది. ఓపెన్ సోర్స్ అంటే కోడ్‌ను అందరి ముందూ తెరిచిపెట్టడమే కదా, మరి అడ్డేమిటి అంటారా? షర్తులు.

ఓపెన్ ఆఫీస్, లిబ్రే ఆఫీస్ కిస్సా చూడండి. రెండూ ఒకే ఖాందాన్. స్టార్ ఆఫీస్ తయారుచేసిన జర్మన్ కంపెనీని సన్ మైక్రోసిస్టమ్స్ 1999లో కొని, 2000లో ఆ కోడ్‌ను దునియా ముందు తెరిచింది. అదే ఓపెన్ ఆఫీస్. 2010లో సన్ కంపెనీయే ఒరాకిల్ చేతికి పోయింది. కొత్త యజమాని మీద ఎత్‌బార్ కుదరనివాళ్లు అదే ఏడాది సెప్టెంబర్‌లో వేరుపడి లిబ్రే ఆఫీస్ పెట్టుకున్నారు. 2011లో ఒరాకిల్ ఓపెన్ ఆఫీస్‌ను అపాచీ ఫౌండేషన్‌కు ఇచ్చేసింది. వేరుకాపురాలు మనకు కొత్తకాదు. మధ్యలో గోడ లేచినా సాలన్ గిన్నె అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ మాత్రం గిన్నె ఒక్కవైపే తిరుగుతుంది.

అపాచీ లైసెన్సు హిబా లాంటిది. రాసినవాళ్ల పేరు, నోటీసు నిలబెడితే చాలు, తర్వాత నీ మర్జీ. తాళం వేసి అమ్ముకున్నా అడగరు. లిబ్రే ఆఫీస్ వాళ్ల ఎల్‌జీపీఎల్, ఎంపీఎల్ లైసెన్సులు వక్ఫ్ లాంటివి. వాడుకో, మార్చుకో. కానీ మార్చింది ఇంకొకరికి ఇస్తే ఆ మార్పునూ తెరిచే ఇవ్వాలి, సొంత జాయదాద్ చేసుకోకూడదు. హిబాగా వచ్చినదాన్ని వక్ఫ్‌లో కలపొచ్చు. వక్ఫ్‌ను తీసుకెళ్లి హిబా చేయలేం. అందుకే 2013లో ఓపెన్ ఆఫీస్ 4.0లో వచ్చిన సైడ్‌బార్‌ను లిబ్రే ఆఫీస్ తీసుకోగలిగింది. లిబ్రే ఆఫీస్‌లో జరిగిన వేల మరమ్మతులు మాత్రం అటు పోలేదు. అపాచీ ఖాయిదా ఒప్పుకోదు.

ఎవరి నీయత్‌లోనూ ఖోట్ లేదు. షర్తు పెడితే ఆజాదీ ఎక్కడిదని ఒకరి వాదన. షర్తు లేకపోతే రేపు పెద్ద కంపెనీలు మింగేస్తాయని ఇంకొకరి భయం. నా మనసు రెండోవాళ్ల వైపే మొగ్గుతుంది. ఒకరి మెహనత్‌కు ఇంకెవరో తాళం వేసుకోవడం ఇన్సాఫ్ కాదు. అయితే ఈ జిద్ ఖరీదు ఎవరు కడుతున్నారో కూడా చూడాలి. ఇంగ్లీషుకు రెండు ఇళ్లలోనూ మనుషులు దొరుకుతారు. ఉర్దూకో తెలుగుకో ఒక్కడు దొరకడమే గగనం. పాత పేరు తెలిసి ఓపెన్ ఆఫీసే పెట్టుకున్నవాళ్లకు ఆ ఒక్కడి పని కూడా గోడ అవతలే ఆగిపోతుంది.

రాస్తా లేకపోలేదు. సొంతంగా రాసిన కోడ్‌కు రాసినవాడే మాలిక్. నౌకరీలో భాగంగా రాసింది కాకపోతే, అదే మరమ్మతును ఒకరికి ఒక లైసెన్సు కింద, ఇంకొకరికి ఇంకో లైసెన్సు కింద ఇచ్చుకోవచ్చు. ఎవరి ఇజాజత్ అక్కర్లేదు. మీ ఇంట్లో కంప్యూటర్ చదువుతున్న పిల్లలకు ఈ మాట చెప్పండి. ఉర్దూ నుక్తా కోసమో తెలుగు ఒత్తు కోసమో రెండు లైన్లు రాసినా సరే, రెండు తలుపులూ తట్టి ఇచ్చి రమ్మనండి.