తుపాకియొద్ద మర్యాద

మర్యాదకు మా కోనసీమ పెట్టినది పేరు. అమలాపురము మొదలు రాజోలు వఱకు ఏ యింటి గడప త్రొక్కినను "రండి, దయచేయండి" అను మాట ముందు వినవచ్చును. కొబ్బరిబొండము పిదప వచ్చును. "ఆయ్", "అండి" అను రెండు మాటలు లేనిదే మా నోట వాక్యము వెలువడదు. ఇందుకు మేము గర్వపడుట తప్పు కాదు. కాని యీ మర్యాదకొక లోపము కలదు. ఎదుటివాడెవడో తెలిసినగాని యది పుట్టదు. ఊరేది, ఇంటిపేరేది, తోట యెన్ని యెకరములు, కుమారుడే దేశమున నున్నాడు - ఇన్నియు తెలిసిన పిమ్మటగాని "అండి" యెంత సాగవలెనో నిర్ణయము కాదు. చెట్టెక్కి దింపు తీయువానియొద్దకు వచ్చుసరికి ఆ "అండి" పూర్తిగా అరిగిపోవును.

ఎవడని యడుగకయే పుట్టు మర్యాదను నేనొకచోట చూచితిని. అది దేవాలయము గాదు, పండితసభ గాదు. తుపాకి కాల్చుట నేర్పెడు మైదానము. ఎన్.సి.సి. దళము 1948వ సంవత్సరపు చట్టముచే నేర్పడినది. మఱుసటి యేడే అందు బాలికల విభాగము వెలసినది. మా మనుమరాలు అందులో చేరుటచే, వారి శిబిరమున కాల్పుల అభ్యాసము చూడ నేనును పోయితిని.

ఎఱ్ఱజెండా యెగురుచుండెను. జెండా యెగురునంతసేపు కాల్పులు జరుగుచున్నవని యర్థము. పిల్లలు నేలపై బోరగిల పండుకొని పాయింటు 22 రైఫిళ్లతో గురిపలకలను కొట్టుచుండిరి. చూచుటకు ఆటవస్తువువలె నుండు ఆ రైఫిలు తూటా కిలోమీటరునకు మించి పోగలదు. కావుననే అచ్చటి మర్యాదలు మన విందు మర్యాదల వంటివి కావు. ఒక్కొక్కదానివెనుక ఒక ప్రాణము నిలిచియున్నది.

అందు మొదటిది: ప్రతి తుపాకియు నిండినదే యని తలంపవలెను. ఇచ్చువాడు తెఱచి చూపి ఖాళీయని చెప్పును; పుచ్చుకొనువాడు మరల తన కన్నులతో చూచును. మా యిండ్లలో మామగారిచ్చిన సొమ్మును ఆయన యెదుటనే లెక్కపెట్టినచో అలుక పుట్టును. అచ్చట లెక్కపెట్టకుండుటయే అమర్యాద. రెండవది: తుపాకి మూతి సదా గురిపలక వైపే యుండవలెను, గురి కుదురువఱకు వ్రేలు మీటపై పడరాదు. కాల్చువానిని వెనుకనుండి పేరుపెట్టి పిలువరాదు. పిలిచినచో మనిషి తిరుగును, మనిషితో తుపాకియు తిరుగును. మూడవది: తుపాకులన్నియు ఖాళీయై నేలపై నుంచబడి, ఆజ్ఞ యగువఱకు ఎవ్వడును గీత దాటరాదు, ఒక్కడు గీత దాటి ముందుకు పోయినంతసేపు వెనుకనున్నవారెవ్వరును తుపాకి ముట్టరాదు. కడపటిది అన్నిటికంటె గొప్పది: ప్రమాదము కంటబడినచో "స్టాప్" అని కేకవేయు హక్కు అందఱికిని కలదు. ఆ కేక యెవ్వరిదైనను అందఱును ఆగవలెను. ఎందులకని తరువాత అడుగవచ్చును.

ఈ కడపటి నియమము నా కన్నులయెదుటనే పనిచేసినది. చూడవచ్చిన పెద్దమనుష్యులలో నొకరు, పదిమందిలో పలుకుబడి గలవారు, తన కుమారుని ఫొటో తీయుటకై చేత ఫోను పట్టుకొని గీత దాటి రెండడుగులు వేసిరి. చివరనున్న యొక బక్కపలుచని బాలిక "స్టాప్!" అని యఱచెను. తక్షణమే కాల్పులు నిలిచినవి; తుపాకులు తెఱవబడినవి. ఆ పెద్దమనిషి మొగము జేగురించెను. "ఏమమ్మాయ్, నేనెవరో తెలుసా?" అనెను. శిక్షణమిచ్చు హవల్దారు దగ్గఱకు వచ్చి, మా సీమ యాసతోనే, "దానికి తెలియక్కర్లేదండి. తూటాకి తెలియదు కదండీ!" అని ఆయనను వెనుకకు నడిపించెను. పిమ్మట పిల్లలవైపు తిరిగి, "ఆ అమ్మాయి చేసింది సరైన పని. ఒకవేళ పొరబడి అరిచినా సరైన పనే," అని చెప్పెను. ఆ బాలిక యెవరి పిల్ల యని యడుగవలెనని నాకు నోటివఱకు వచ్చెను. మా మర్యాదకు పట్టిన జాడ్యమిదియే గదా యని ఊరకుంటిని.

ఈ నీతి పిల్లల శిబిరమునకే పరిమితము గాదు. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండను ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీయందు కంచు పతకము గెలిచెను. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసము అర మిల్లీమీటరు మాత్రమే. అంతటి చేయి తిరిగినవాడైనను "స్టాప్" అన్న మాట విన్నచో నిన్నమొన్న చేరిన బాలునివలె ఆగవలసినదే. నేర్పు పెరిగినకొలది నియమము సడలుట అచ్చట లేదు.

మైదానము వెలుపల మన నడవడి యెట్లున్నది? పెండ్లిలో తుపాకి ప్రేల్చుట గొప్పయని తలంచువారు దేశమున నుండుటచేతనే, 2019లో ఆయుధముల చట్టమును సవరించి, ఉత్సవములలో అజాగ్రత్తగా కాల్చి పరులకు ముప్పు తెచ్చువానికి రెండేండ్ల వఱకు చెఱయో, లక్ష రూపాయల వఱకు జుల్మానాయో, రెండునో విధింపవచ్చునని శాసించిరి. మాకు తుపాకులు లేవుగదా యని కోనసీమవారు నిశ్చింతగా నుండవచ్చునా? 2022 మే 24వ తేదీన, జిల్లాకు అంబేద్కరు మహాశయుని పేరు చేర్చుటపై అమలాపురమున చెలరేగిన యల్లరిలో ఒక మంత్రి యిల్లును, ఒక శాసనసభ్యుని యిల్లును తగులబడినవి. అగ్గిపుల్లకు లైసెన్సు అక్కఱలేదు. గుంపు కదలినప్పుడు ప్రతివాడును నిండిన తుపాకియే. అట్టివేళ ఒక చిన్నవాడు "ఆగండి" యన్నచో, వాడెవడు, వానిదే పేట యని యడుగకుండ ఆగువారు మనలో నెందఱు?

మర్యాదయనగా పెద్దలయెదుట చిన్నలు నోరు మూసికొనుటయని మనము తరతరములుగా నేర్పితిమి. కట్నము బేరము సాగుచుండగా పెండ్లికూతురు "ఆగండి" యనరాదు. త్రాగి మోటారుబండి యెక్కు తండ్రిని కొడుకు "ఆగు" మనరాదు. తోటలో పాతబడిన మోకు చూపి దింపువాడు "ఈ దినము ఎక్కను" అనరాదు. అనినచో అమర్యాద! ఈ మర్యాదవలన పోయిన ప్రాణములను లెక్కించువారు లేరు.

చదువరులారా! "అండి"ని విడువుడని నేను చెప్పుట లేదు. అది తీయని మాట, అందఱికిని పంచుడు. దానితోపాటు ఇంటిలో నందఱికంటె చిన్నవానికి "ఆగండి" యను మాటను గూడ ఇండు. వాడు ఆ మాట యన్ననాడు మొదట ఆగుడు. ఎవడవని పిమ్మట అడుగుడు. ఆగిన తరువాత ఆ ప్రశ్నయే అనవసరమని మీకే తోచును.