ఆరేళ్ళకొచ్చే పన్ను పాలపన్ను కాదు

మా మనవరాలి పన్ను ఎలా ఉందని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగే, చదవండి.

పాపకు ఎనిమిదేళ్ళు. కింది దవడలో చివరి పన్ను పుచ్చింది. చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనేది, గుక్క మింగేలోపే తగ్గేది. చుట్టాలందరిదీ ఒకటే మాట: "పాలపన్నే కదా, పీకించెయ్యండి, మళ్ళీ వస్తుంది." రాదండీ! ఆరో ఏట పాలపళ్ళ వెనకాల మొలిచే దవడపన్ను జీవితాంతం ఉండాల్సింది. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరూ గమనించరు. (నేను బళ్ళో తమిళంలో 'పల్' అని నేర్చుకున్నాను, ఇంట్లో పన్ను, బళ్ళారి బజార్లో హల్లు. నొప్పి మాత్రం అన్నిట్లో ఒకటే.)

డాక్టరమ్మ పుచ్చు తీస్తుంటే అడుగున గుండుసూది మొనంత ఎర్రచుక్క కనబడింది. అదే పంటి గుజ్జు. నరమూ నెత్తురూ అందులోనే. మా అల్లుడు రూట్ కెనాల్ చేసెయ్యమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఈ వయసుకు పంటి వేరు కొన ఇంకా తెరుచుకునే ఉంటుందట. గుజ్జు చస్తే వేరు పెరగడం అక్కడితో ఆగిపోతుంది, పల్చటి గోడలు ఎప్పుడో విరుగుతాయి. మందులో ముంచిన దూది అద్దితే నెత్తురు ఆగింది. ఆగకపోతే ఈ వైద్యం పనికిరాదట. ఆ చుక్క మీద ఎంటీఏ అనే ముద్ద పెట్టి, పైన ఫిల్లింగ్ వేశారు.

ఈ ఎంటీఏ ఇల్లు కట్టే పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకు దగ్గరి చుట్టం, తడిలోనే గట్టిపడుతుంది. 1990ల్లో అమెరికాలో తొరాబినెజాద్ అనే దంతవైద్యుడు తెచ్చాడు. అంతకుముందు వాడింది కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడిసున్నమే. అలాగని తాంబూలం సున్నం పంట్లో పెట్టుకోకండి!

అసలు సంగతి 1965లో తేలింది. కకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనేవాళ్ళు క్రిములే లేనిచోట పెంచిన ఎలుకల పళ్ళకు గుజ్జుదాకా రంధ్రం చేసి, మూయకుండా వదిలేశారు. తిండి ఇరుక్కున్నా లోపల గట్టిపొర కట్టింది. మామూలు ఎలుకల్లో గుజ్జు చచ్చింది. అంటే రిపేరు చేసుకునేది గుజ్జే. దెబ్బతిన్నచోటికి దానిలోని మూలకణాలు చేరి, పంటి పదార్థం తయారుచేసే కణాలుగా మారి, కొన్ని వారాల్లో వంతెనలాగా ఒక పొర కడతాయి. ట్రాఫిక్ బ్లాక్ ఇస్తేనే గ్యాంగ్‌మెన్ పట్టా పని చెయ్యగలరు. సిమెంటు ముఖ్యంగా ఇచ్చేది ఆ బ్లాకే, పైగా కణాలను కాస్త పురమాయిస్తుంది కూడా. అందుకే పై ఫిల్లింగ్ కారితే అంతా వృథా.

రాత్రి నిద్రలేపే నొప్పి, వాపు వస్తే మాత్రం గుజ్జు చేయిదాటినట్టే అనుకుని వెంటనే పరుగెత్తాలి. మన ఊళ్ళోనే ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది.

మూడు నెలలయింది. పాపకు నొప్పి లేదు. ఎక్స్‌రేలో సన్నటి తెల్లగీత కనబడుతోందని డాక్టరమ్మ చూపించింది, నా కళ్ళకు సరిగ్గా ఆనలేదు. వేరు కొన ఇంకా మూసుకోలేదు. దసరా సెలవుల్లో మళ్ళీ ఎక్స్‌రే తీస్తారు.