మా తమ్ముడి పడవ పద్దు

మా తమ్ముడు పడవ కొన్నాడని మరదలు ఫోనులో చెప్పగానే "శుభం" అన్నాను. 2019 సెప్టెంబరు మాట. అవతల కాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత, "పద్ధెనిమిది వందల పౌన్లేనట వదినా" అంది. ఆ "ట"లో ఎంత అర్థం ఉందో నాకు నాలుగేళ్లకు గాని తెలిసిరాలేదు.

వాళ్లుండేది ఇంగ్లండుకు దక్షిణపు కొసన, పోర్ట్స్‌మత్‌లో. ఎదురుగా వైట్ ద్వీపం. మధ్యనున్న సముద్రపు పాయను సొలెంట్ అంటారు. కాస్త ఎండ పొడిస్తే చాలు, ఆ పాయ నిండా తెల్ల తెరచాపలే. అలాంటి ఊళ్లో పదిహేనేళ్లుగా కాపురం ఉంటున్నవాడికి పడవ మీద మనసు పోవడం వింతేమీ కాదు. అందులోనూ మాది కాకినాడ. చిన్నప్పుడు నాన్నగారితో యానాం వెళుతూంటే, తాళ్లరేవులో బస్సు ఆగీ ఆగకముందే వాడు దిగి పరుగెత్తేవాడు, ఒడ్డున కడుతున్న కొయ్య పడవల్ని చూడ్డానికి. కండక్టరు చేత చీవాట్లు మాత్రం నాన్నగారు తినేవారు.

2023 జూన్‌లో నేను వాళ్లింటికి వెళ్లాను. రెండో రోజు రాత్రి వాడు పడుకున్నాక మరదలు అల్మారా తీసి, ఎర్ర బైండు లెక్కల పుస్తకం ఒకటి నా ముందు పెట్టింది. అట్టమీద "పడవ" అని రాసుంది.

"మీరు నవలలు రాస్తారుగా వదినా, ఇది చదవండి" అంది.

నేను బి.ఏ. చదివినదాన్ని. పాలవాడి లెక్క రెండుసార్లు కూడితే నాకు రెండు జవాబులొస్తాయి. అయినా ఆ పుస్తకాన్ని మాత్రం కింద పెట్టలేకపోయాను.

మొదటి పేజీలో పడవ ఖరీదు, 1,800. అది 1974లో కట్టిన 26 అడుగుల ఫైబర్ గ్లాసు పడవ. యాట్ అంటే మనకు సినిమాల్లో కోటీశ్వరులు ఎక్కే తెల్లటి మేడ గుర్తొస్తుంది గాని, ఇది అది కాదు. లోపల నలుగురు ముడుచుకుని పడుకోవచ్చు, ఇద్దరు నిటారుగా నిలబడలేరు. అంత చవకగా ఎందుకిచ్చాడయ్యా ఆ ముసలాయన అంటే, కారణం ఉంది. ఫైబర్ గ్లాసు కుళ్లదు, తుప్పు పట్టదు. పడవ పాతబడిపోతే దాన్ని వదిలించుకోవడానికి కూడా డబ్బే కట్టాలి. ఈలోగా యార్డులో నిలబెట్టినందుకు నెలనెలా అద్దె. కాబట్టి మా వాడు కొన్నది పడవని కాదు, ఆయన కడుతూ వచ్చిన అద్దెని. ఈ మాట నాది కాదు, మరదలు పేజీ అంచున పెన్సిలుతో రాసుకుంది.

రెండో పద్దు పరీక్ష చేసినాయనకి, 480. పెళ్లయ్యాక జాతకం చూపించినట్టు, కొన్నాక చూపించాడు మా తమ్ముడు. అదీ బీమా కంపెనీ అడిగింది గనక. ఆ వచ్చినాయన చిన్న సుత్తితో పడవ పొట్టంతా తట్టి తట్టి విన్నాడట, అచ్చం డాక్టరులాగే. పొట్ట మీద అక్కడక్కడా బొబ్బలు. ఫైబర్ గ్లాసు పైన నున్నటి పూత ఒకటి ఉంటుంది. ఏళ్ల తరబడి నీళ్లలో నానితే చెమ్మ ఆ పూతలోంచి లోపలికి దిగి, అక్కడి రసాయనాలతో కలిసి బొబ్బకడుతుంది. చిదిపితే వినెగరు వాసన. చెడిన ఊరగాయ జాడీ మూత తీసినట్టుంటుందని మరదలు చెప్పింది. వాటిని గీకి, కడిగి, నెలల తరబడి ఆరబెట్టి, మళ్లీ పూత పుయ్యాలి. ఇంగ్లండులో నెలల తరబడి ఆరబెట్టడం అంటే మీరే ఊహించుకోండి, చేతి రుమాలు ఆరదక్కడ!

అన్నిటికంటె నన్ను భయపెట్టింది కుళాయిల కథ. పడవ అడుగున బొక్కలుంటాయని నాకిదివరకు తెలియదు. ఇంజనుకు చల్లనీళ్లు తీసుకోవడానికీ, లోపలి మురికినీరు వదలడానికీ అయిదు కుళాయిలు. ఎప్పుడో ఎవరో వాటిని ఇత్తడివి వేశారు. ఇత్తడంటే రాగీ జింకూ కలిసిన లోహం కదా. ఉప్పునీళ్లలో జింకు మెల్లగా కరిగిపోయి, గుల్లబారిన రాగి గులాబీరంగులో మిగులుతుంది. పైకి కుళాయి కుళాయిలాగే ఉంటుంది. ఒకటి తిప్పబోతే చేతిలోకి ఊడొచ్చింది. పడవ నేలమీద ఉండబట్టి సరిపోయింది, నీళ్లలో ఉంటే? అయిదూ మార్చి కంచువి వేయించడానికి, గొట్టాలతో కలిపి 640. ఏ మాటకామాటే, ఆ డబ్బు దండగని మాత్రం నేననను.

ఇంకో చిత్రం చూడండి. ఇంజను పంకా దగ్గర జింకు ముద్ద ఒకటి బిగిస్తారు. ఉప్పునీరు దాన్ని తింటూ ఉంటుంది, అందువల్ల పంకా క్షేమంగా ఉంటుంది. అదరిగిపోయాక ఇంకోటి బిగిస్తారు. "దానికి ఆ పని ఒక్కటే వదినా" అంది మరదలు. నేను పేజీ తిప్పేశాను.

2020 వచ్చింది. కరోనా. యార్డు గేట్లు మూశారు, అద్దె మాత్రం మూయలేదు. 2019 అక్టోబరు నుంచి 2022 మార్చి దాకా ముప్ఫై నెలలు, నెలకు 170 పౌన్ల చొప్పున 5,100. పడవ ఖరీదుకు దాదాపు మూడింతలు, ఒక్క అంగుళం కదలకుండా! ఇంజను బాగుచేయించడానికి 3,900. కొయ్యను నిలబెట్టే ఉక్కు తీగలు 1,900. చూడ్డానికి తళతళలాడుతూనే ఉన్నాయట పాతవి. కాని లోలోపల ఎక్కడ అలిసిపోయాయో కంటికి కనిపించదు. తెరచాపలు 2,150. పొయ్యీ, వైర్లూ, పరుపులూ 1,650. బొబ్బల వైద్యమూ, నాచూ గవ్వలూ పట్టకుండా అడుగున వేసే రంగూ కలిపి 1,100. ఈ రంగు అక్కడితో తీరేది కాదు, దాదాపు ఏడాదికోసారి వేస్తూనే ఉండాలి.

పుస్తకం చివర ఒక క్యాలెండరు అతికించి ఉంది. 2021ది. శనాదివారాల మీద చిన్న చిన్న ఇంటూ గుర్తులు. లెక్కపెట్టాను. ముప్ఫై ఎనిమిది వారాలు. అంటే, ఆ ముప్ఫై ఎనిమిది వారాల్లోనూ శనాదివారాలు వాడు యార్డులోనే ఉన్నాడన్నమాట. వాటికెదురుగా ఏ అంకె వెయ్యాలో తెలియక కాబోలు, ఖాళీగా వదిలేసింది. ఆ ఏడాదే ఆవిడ ఆస్పత్రిలో అదనంగా రాత్రి డ్యూటీలు చేసింది. పెద్దపిల్ల స్కూలు వాళ్లతో ఫ్రాన్సు వెళ్లాల్సిన ప్రయాణం మానుకుంది. అవి పుస్తకంలో లేవు. గిన్నెలు తోముతూ చెప్పింది.

మొత్తం కూడి ఉంది, 19,100 పౌన్లు. నేను పౌనుకు 105 రూపాయలు వేసి కాగితం మీద గుణించాను. ఇరవై లక్షల అయిదు వేల అయిదొందలు. రెండుసార్లు గుణించినా అదే వచ్చింది, నా జన్మకి మొదటిసారి. ఇంతా చేశాక అమ్మితే అయిదు వేల పౌన్లు వస్తే గొప్పట.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. పడవ గురించి కాదు.

కాకినాడలో మా ఇల్లు తాతగారు రంగూన్ నుంచి తిరిగొచ్చాక కట్టించింది. స్తంభాలూ, దూలాలూ, తలుపులూ అన్నీ బర్మా టేకు. నాన్నగారు పోయాక, 2017లో, వానకు కప్పు కారుతోందని మేస్త్రీని పిలిస్తే పద్నాలుగు లక్షలవుతుందన్నాడు. చెరి సగం వేసుకుందాం రా అన్నాను. "పాతదాని మీద అంత డబ్బు పొయ్యడం దండగక్కా. మనలో ఎవరుంటాం అక్కడ?" అన్నాడు తమ్ముడు. వాడన్నది అబద్ధమేమీ కాదు. సంతకం పెట్టాను. కొన్నవాళ్లు స్థలానికే ధర కట్టారు. కలప లెక్కలోకే రాలేదు. పద్నాలుగు స్తంభాలు, ఒక్కోటి నా రెండు చేతులూ చాచి పట్టుకుంటే గాని అందనివి, లారీలో పడుకోబెట్టుకుని తీసుకుపోయారు.

అడగాలా వద్దా అని మూడు రోజులు తన్నుకున్నాను. వాడు నా తమ్ముడు, ఆ పుస్తకం చూశానని తెలిస్తే ఆ గొడవ తగిలేది మరదలికి.

నాలుగో రోజు నన్ను పడవెక్కించాడు. చెప్పొద్దూ, బావుంది. ఇంజను ఆపి తెరచాప ఎత్తగానే ఒక్కసారిగా చప్పుడంతా పోయింది. నీళ్లు పక్కన గుసగుసలాడటం తప్ప ఏమీ లేదు. చుక్కాని పట్టుకున్నవాడి ముఖం చూస్తే నలభై దాటినవాడిలా లేడు, తాళ్లరేవులో బస్సు దిగి పరుగెత్తినవాడే. మరదలు కూడా కళ్లు మూసుకుని ఎండకి ముఖం పెట్టి కూచుంది. ఆ పుస్తకం ఆవిడే రాసిందంటే అప్పుడెవరూ నమ్మరు.

లోపలికి దిగే మెట్ల పక్కన కొత్తగా వేసిన చెక్క పట్టీ మీద చెయ్యేస్తే నున్నగా, చల్లగా తగిలింది. ఎరిగున్న స్పర్శ.

"టేకు. అంత ముక్కా 380 పౌన్లు" అన్నాడు. ఆ తర్వాత హుషారుగా ట్రింకోమలీ కథ మొదలుపెట్టాడు. 1817లో బొంబాయిలో వాడియాలు మన టేకుతో కట్టిన యుద్ధనౌక అది. మారు పేరుతో ఈ పోర్ట్స్‌మత్ రేవులోనే చాలా ఏళ్లుండి, 1987లో హార్టిల్‌పూల్ చేరింది, రెండు వందల ఏళ్లు దాటినా ఇంకా నీటిమీదే ఉంది. టేకులో నూనె ఉంటుంది, అందుకే దాన్ని చెమ్మా పురుగూ అంత తొందరగా ఏమీ చెయ్యలేవని చెప్పుకుపోతున్నాడు. చెబుతూ చెబుతూ ఆగాడు.

"మన ఇంటి దూలంలో ఒక్క ముక్క ఉంచుకోవాల్సిందక్కా" అన్నాడు.

మరదలు కళ్లు తెరిచి నావంక చూసింది. నేను వైట్ ద్వీపం వంక చూశాను.

కాసేపయ్యాక వాడే మళ్లీ, "వసారాలో ఉయ్యాల బల్ల నీ దగ్గరే ఉందిగా? దాన్ని సగానికి కోస్తే లోపల బల్లకి సరిపోతుంది" అన్నాడు, నావంక చూడకుండా.

ఉంది. హైదరాబాదులో మా ఫ్లాటులో ఉయ్యాల వేసే చోటు లేక, మంచం వెనక గోడకి ఆనించి పెట్టాను. దానిమీద అమ్మ మమ్మల్నిద్దర్నీ పడుకోబెట్టి ఊపేది. ఒక పక్క గొలుసు రాపిడికి చెక్క అరిగి గుంట పడింది. ఆ పక్క వాడిది.

తిరిగొచ్చాక బల్లను తూయించాను. ఇరవై నాలుగు కిలోలు. కొరియరు కుర్రాడు టేపుతో నిలువూ అడ్డమూ కొలిచి, పందొమ్మిది వేలవుతుందన్నాడు.

"సగానికి కోసిస్తే తగ్గుతుందండీ" అని కూడా అన్నాడు.

రేపు రమ్మన్నాను. అలా రెండుసార్లు రమ్మన్నాను. పంపితే ఆ పందొమ్మిది వేలు మరదలి పుస్తకంలోకి ఎక్కాలా, నా పుస్తకంలోకా అన్నది ఇంకా తేల్చుకోలేదు.